బటన్ లేని పియానో

పియానోకు బటన్ ఉండదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు నలభై ఆరేళ్లు పట్టింది.

అంతకుముందు పాతికేళ్లుగా పాతబస్తీ జహనుమాలోని మా చర్చిలో కీబోర్డు వాయిస్తున్నది నేనే. ఆ కీబోర్డు మీద ఎడమ చేతి వైపు, పై మూలన, ఒక చిన్న బటన్ ఉంటుంది. దాని పేరు ట్రాన్స్‌పోజ్. పాడేవాళ్లు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా సరే, దాన్ని రెండు సార్లో మూడు సార్లో నొక్కితే కీబోర్డే ఆ శ్రుతిలోకి జరుగుతుంది. మన వేళ్లు మాత్రం ఎప్పటిలాగే తెల్ల మెట్ల మీద హాయిగా తిరుగుతుంటాయి. నల్ల మెట్లు ఉన్నాయని నాకు తెలుసు. పక్కింట్లో కొత్తగా ఎవరో దిగారని తెలిసినట్టు తెలుసు. రాకపోకలు మాత్రం లేవు.

చర్చిల్లో వాయించేవాళ్లలో చాలామందికి ఈ గుట్టు ఉంటుందని నా అనుమానం. ఎవరూ ఒకరికొకరు చెప్పుకోరు.

మా చర్చిలో పాటలు ఎత్తుకునేది ఒక పెద్దమ్మ. సర్కారు దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైంది, డెబ్బై దాటింది. ఆమె ఒక ఆదివారం ఎత్తుకున్న శ్రుతి మరో ఆదివారం ఉండదు. చలి పెట్టిందా, నిద్ర పట్టిందా, కోడలితో మాటా మాటా వచ్చిందా, అన్నీ మొదటి అక్షరంలోనే తెలిసిపోతాయి. ఆమె నోరు తెరిచిన అర క్షణంలో నా ఎడమ చూపుడు వేలు బటన్ మీద ఉండేది. కోడలితో గొడవైతే రెండు నొక్కులు కిందికి. కోడలు పుట్టింటికి పోతే మూడు నొక్కులు పైకి. ఇలా పాతికేళ్లు గడిచాయి. ఎంత బాగా వాయిస్తుందో అని నన్ను అందరూ మెచ్చుకునేవారు.

అలాంటి రోజుల్లో చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. 'సంగీతంపై ఆసక్తి గల యువతీ యువకులకు' అని మొదలైంది. నగరానికి ఆ కొసన ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల పియానో డిగ్రీ. వయసు ఇంతకు మించకూడదని ఎక్కడా రాయలేదు. రాయకపోవడం వాళ్ల తప్పు.

బస్తీలో మాత్రం నేను వేరే కథ చెప్పాను. విశ్వవిద్యాలయం వాళ్లే కారు వేసుకుని మా ఇంటికి వచ్చారని, అప్పుడు నేను పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తున్నానని, వాళ్లు గుమ్మంలో నిలబడి అరగంట బతిమాలారని. గల్లీ చివర కిరాణా సేటు చెక్కర పొట్లం కడుతూ విన్నాడు. వాళ్ల తాత కాలం నుంచీ ఆ దుకాణం అక్కడే ఉంది. మా ఇంట్లో పుట్టిన ప్రతి కథా మొదట అక్కడికే పోతుంది.

"మన గల్లీల కారు పట్టదు గదక్కా" అన్నాడు.

"అందుకే రివర్స్‌ల వచ్చిన్రు అన్నా."

"రివర్స్‌ల వస్తె పడ్తదా?"

"మర్యాదతోని వస్తె పడ్తది."

అసలు జరిగింది ఇది. ఫోన్‌లో వీడియో తీసి పంపాను. అందులో వాయించిన రెండూ తెల్ల మెట్ల పాటలే. తర్వాత పిలిచి చెవికి పరీక్ష పెట్టారు. ఒకాయన నాకు వీపు చూపించి కూర్చుని, మొదటి స్వరం పేరు చెప్పి, ఆపైన గుత్తులు గుత్తులుగా స్వరాలు నొక్కాడు. అవేమిటో నేను చెప్పాలి. పెద్దమ్మ దగ్గు విని ఆ వారం శ్రుతి చెప్పేదానికి అదొక పరీక్షా? అన్నీ చెప్పేశాను. నా చెవిని చూసి సీటిచ్చారు. చేతిని సరిగ్గా చూడలేదు.

సీటుతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చారు. ఏడాది చివర ముగ్గురు పరీక్షకుల ముందు పన్నెండు నిమిషాలు, ఏ కాగితమూ చూడకుండా వాయించాలి. దాన్ని జ్యూరీ అంటారు. అందులో తప్పితే సీటు పోతుంది. నేను పాటలు నేర్పే ప్రైవేటు బడిలో ఏడాది సెలవు అడిగితే హెడ్‌మిస్ట్రెస్ ఇచ్చింది. "చూడండి, కుదరకపోతే వచ్చేయండి" అంది. 'కుదరకపోతే' అన్న మాట దగ్గర ఆమె గొంతు ఎంత ధీమాగా ఉందంటే, నా కుర్చీ మీద దుమ్ము కూడా తుడిపించి ఉంచుతుందనిపించింది.

దుమ్ము గురించి ఇంకా చెప్పాల్సి ఉంది.

మొదటి పాఠం. పెద్ద గది, మధ్యలో నల్లటి గ్రాండ్ పియానో, మూత ఎత్తి ఉంది. మా సారుకు ముప్పై ఏళ్లుంటాయేమో. గోదావరి వైపు మనిషి, విదేశంలో చదివి వచ్చాడు. ఆయన నన్ను మేడమ్ అనేవాడు, నేను ఆయన్ని సార్ అనేదాన్ని. ఎవరు ఎవరిని పిలిచినా ఇద్దరం సర్దుకుని కూర్చునేవాళ్లం.

తేలికైన పాట ఏదైనా వాయించమన్నాడు. వాయించాను. సంతోషపడ్డాడు.

"బావుందండి. ఇప్పుడు ఇదే పాట, మూడు మెట్లు పైనుంచి ఎత్తుకోండి."

పైనుంచి అనగానే నా ఎడమ చెయ్యి తనంతట తానే లేచి పై మూలకు పోయింది. అక్కడ నున్నటి చెక్క తప్ప ఏమీ లేదు. వేలితో ఇటు తడిమాను, అటు తడిమాను. వంగి కూడా చూశాను.

"ఏం వెతుకుతున్నారండి?"

"దుమ్మున్నది సార్. తుడుస్తున్న."

చీర కొంగుతో ఆ మూల శుభ్రంగా తుడిచాను. తర్వాత తలనొప్పి వచ్చిందని చెప్పి బయటపడ్డాను. రెండో వారం మళ్లీ చెయ్యి లేచింది, మళ్లీ దుమ్ము. మూడో వారం సారు ఒక పసుపుపచ్చ గుడ్డ తెచ్చి, నాలుగు మడతలు పెట్టి, సరిగ్గా ఆ మూలనే ఉంచాడు. "మీ చీర పాడవుతోంది" అన్నాడు. నమ్మాడో, నమ్మినట్టు నటించాడో నాకు అంతుపట్టలేదు. అబద్ధాలాడేవాళ్లకు ఉండే కష్టం ఇదే. ఎదుటివాళ్లు మనకన్నా బాగా నటిస్తే కనిపెట్టలేం.

ఈ చదువులో చేరబోయేవాళ్లు ఎవరైనా నన్ను అడిగితే, ప్రాక్టీస్ గదుల గురించి ముందు చెబుతాను. వరసగా పది గదులు, ఒక్కో దాంట్లో ఒక్కో పియానో, తలుపు మీద ఎవరికి ఎప్పుడో రాసిన కాగితం. గది ఎంత చిన్నదంటే, లోపలికి వెళ్లాక మనసు మార్చుకోవడానికి చోటుండదు. గోడలు పల్చన. మనం నెల రోజులుగా గుంజుకుంటున్న పాటనే పక్క గదిలో పద్దెనిమిదేళ్ల పిల్ల రెండింతల వేగంతో వాయిస్తుంటుంది. గోళ్లు పెంచకూడదు. మెట్టు మీద టక్కున చప్పుడొస్తే సారు ముఖం మాడిపోతుంది. రోజుకు నాలుగు గంటలు ఒంటరిగా కూర్చోవాలి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఆ చివరిదే. నాలుగు గంటలు ఎవరికీ ఏ కథా చెప్పకుండా నేను ఎన్నడూ కూర్చోలేదు.

శుక్రవారాలు ఇంకో తంతు ఉండేది. అందరి ముందూ వాయించాలి, తోటి విద్యార్థులు తప్పులు చెప్పాలి. పక్క గది పిల్ల మొహమాటం లేకుండా చెప్పింది.

"ఆంటీ, మీరు ప్రతి లైన్ చివర కాసేపు ఆగుతున్నారు. ఎందుకు?"

"పాడేవాళ్లు ఊపిరి తీసుకోవద్దా బిడ్డా?"

"ఇక్కడ ఎవరూ పాడట్లేదు కదా ఆంటీ."

నిజమే. పాడేది ఎవరూ లేరు. పెద్దమ్మ ఊపిరి కోసం పాతికేళ్లు ఆగిన వేళ్లు ఆమె లేని చోట కూడా ఆగుతున్నాయి. సారు మాత్రం, "అది తీసేయకండి మేడమ్, అదొక్కటే మీ సొంతం. మిగతావి చూద్దాం" అన్నాడు.

ఆ మిగతావి ఏమిటో దసరా సెలవుల ముందు బయటపడింది. పాఠం అయిపోయాక సారు పియానో మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"దీనికి ఎనభై ఎనిమిది మెట్లున్నాయండి. దుమ్ము మాత్రం ఆ మూలే పడుతోంది."

నేను ఏ కథా చెప్పకుండా గుడ్డ మడతలు సర్దాను. అంటే చాలా ఇబ్బందిలో ఉన్నానని మా ఇంట్లోవాళ్లకైతే అర్థమయ్యేది.

"మా ఊరి చర్చిలో కీబోర్డుకు కూడా సరిగ్గా అక్కడే ఉండేదండి, బటన్" అన్నాడు.

తల ఎత్తి చూశాను. నవ్వడం లేదు.

"ఆ చెయ్యి ఆగడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకంత టైం లేదు, జ్యూరీ ఏప్రిల్లో. గుడ్డ అక్కడే ఉంచుతాను. చెయ్యి లేచినప్పుడల్లా అది తగులుతుంది. బటన్ లేదని గుర్తొస్తుంది."

ఆ రోజు నుంచి పన్నెండు శ్రుతులూ ఒక్కొక్కటే మొదటి నుంచి నేర్పాడు. ఒకే అర్రలో కాపురం చేసినదానికి, ఇల్లు పన్నెండు అర్రలని అప్పుడు తెలిసింది. ఒక్కో అర్రలో తలుపు ఒక్కో చోట ఉంది. రోజూ ఎక్కడో ఒక చోట గోడకు గుద్దుకునేదాన్ని.

మా ఇంట్లో ఉన్న కీబోర్డుకు అరవై ఒక్క మెట్లే. మా ఆయన రైల్వేలో సిగ్నల్ డిపార్టుమెంటు మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే, అందులో నాలుగు ఫోన్‌లోనే పోతాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నా వెనక వచ్చి నిలబడి లెక్కపెట్టాడు.

"ఎన్ని తక్కువున్నయే?"

"ఇరవై ఏడు."

కొలత టేపు తెచ్చాడు. కీబోర్డుకు రెండు వైపులా పలకలు చేర్చి బల్లను పొడుగు చేశాడు. ఎడమవైపు పదిహేను మెట్లు, కుడివైపు పన్నెండు, చాక్‌పీసుతో గీతలు గీశాడు. నల్ల మెట్లు బొగ్గుతో దిద్దాడు. ఒక్కటి కూడా వంకర పోలేదు.

"గీతలకు సప్పుడు రాదు గదయ్యా" అన్నాను.

"సిగ్నల్‌కు గూడ సప్పుడు రాదు. బండి ఆగుతలేదా?"

ఆ పది మాటల కోటాలోంచి అంత పెద్ద వాక్యం నాకిచ్చాడు. మారు మాట్లాడకుండా కూర్చుని వాయించాను. పాట కింది స్వరాల్లోకి దిగినప్పుడు కీబోర్డు అయిపోయి వేళ్లు చెక్క మీద పడేవి. గదిలో చప్పుడుండేది కాదు, నా చెవిలో మాత్రం ఉండేది. చేతికి చాక్‌పీసు అంటుకునేది.

ఇక మిగిలింది జ్ఞాపకం. పన్నెండు నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు ఒకే పెద్ద పాట, అదీ నాలుగు నల్ల మెట్ల శ్రుతిలో. ఏడు పేజీలు. కథలైతే నాకు కాగితం అక్కర్లేదు, మరిచిపోయిన చోట కొత్తది కల్పిస్తాను. ఇక్కడ కల్పిస్తే ఊరుకోరు.

"మొత్తం ఒకే తాడులా గుర్తుపెట్టుకుంటే, ఒక్క చోట తెగితే అంతా పోతుందండి" అన్నాడు సారు. "మధ్యలో గుర్తులు పెట్టుకోండి. తప్పిపోతే తర్వాతి గుర్తు దగ్గర అందుకోవాలి. వెనక్కి మాత్రం పోకూడదు."

నేను రోజూ ఫలక్‌నుమాలో లోకల్ రైలెక్కేదాన్ని. బండి బయల్దేరేది అక్కడి నుంచే కాబట్టి కిటికీ పక్కన సీటు దొరికేది. టిఫిన్ డబ్బా మూత ఒళ్లో పెట్టుకుని దాని మీద వేళ్లాడించేదాన్ని. గుర్తులు వెతుక్కునే పని లేకుండా అవి కిటికీలోంచి వాటంతట అవే వచ్చాయి. మొదటి పేజీ ఫలక్‌నుమా. ఎడమ చెయ్యి ఒంటరిగా నడిచే చోటు ఉప్పుగూడ. యాకుత్‌పురాలో కుడి చెయ్యి కలుస్తుంది. దబీర్‌పురా దాటాక మలక్‌పేటలో పాట చీకటి పడినట్టు అవుతుంది. అదే కష్టమైన చోటు. కాచిగూడలో జనమంతా ఒక్కసారి ఎక్కినట్టు రెండు చేతులూ నిండుగా పడతాయి. అక్కడి నుంచి సికింద్రాబాద్ దాకా ఉరుకే.

మూత మీద నా వేళ్లు చూసి ఒకామె జాలిపడింది. "ఏందక్కా, చేతులు గట్ల వణుకుతున్నయి. దవాఖానల చూపెట్టినవా?"

"చూపెట్టిన. ఏప్రిల్ దాక ఉంటదన్నరు."

సంక్రాంతి దాటిందో లేదో కుడి మణికట్టు వాచింది. సారు ఆరు నెలలుగా చెబుతూనే ఉన్నాడు, బిగబట్టొద్దు, చెయ్యి వదులుగా ఉంచమని. బొమ్మలు కూడా గీసి చూపించాడు. నాకెక్కలేదు. మా ఆయన బండి మీద బార్కస్ తీసుకుపోయాడు, ఎముకలు సరిచేసే పహిల్వాన్ దగ్గరికి. తెల్లగడ్డం ఆయన, నా చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

"క్యా కామ్ కర్తే అమ్మా?"

"పియానో వాయిస్త బాబా. మెట్లుంటయి, వేళ్లతోని కొట్టాలె."

ఆయన నా చేతిని ఒక్కసారి ఊపి, కింద నుంచి తన చెయ్యి తీసేశాడు. అది కొయ్యలా అలాగే గాలిలో నిలబడింది. ఆయన నవ్వాడు.

"మై ఛోడ్ దియా, తుమ్ నై ఛోడే" అన్నాడు. నేను వదిలేశాను, నువ్వే వదల్లేదు అని.

నూనె రాసి, పట్టీ కట్టి, పది రోజులు ముట్టుకోవద్దన్నాడు. పదకొండో రోజున వాయిస్తే సారు ఆశ్చర్యపోయి, ఎవరు నేర్పారని అడిగాడు. పెద్ద ప్రొఫెసరు, గండిపేట నీళ్లు తాగి పెరిగిన ఈ ఊరి మనిషి అని చెప్పి, బార్కస్ జామకాయలు నాలుగు చేతిలో పెట్టాను.

మార్చి వచ్చింది. ఆకలి తగ్గింది. ఉప్పు కోసం దుకాణానికి పోతే సేటు నా ముఖం చూశాడు.

"ఏందక్కా, గిట్ల గుంజుకపోయినవు?"

"వచ్చే నెల జ్యూరీ ఉన్నదన్నా. ముగ్గురు కూసుంటరు. తప్పు దొరికిందంటే అయిపాయె."

సేటు చేతిలో ఉప్పు ప్యాకెట్టు అలాగే ఆగిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"గింత దాక వచ్చిందా? ఇంట్ల తెలుసా?"

"తెలుసు. ఆయన గూడ వస్తనన్నడు."

"ఫికర్ చెయ్యకక్కా. నా బామ్మర్ది వకీలే. ఒక్క మాట చెప్తె ఉరికొస్తడు."

జ్యూరీ అంటే కోర్టు అనుకున్నాడని అప్పుడు అర్థమైంది నాకు. సరిదిద్దడానికి నోరు తెరిచాను కూడా. కానీ చూడండి, ఈ మనిషి కారును నమ్మలేదు. కాలేజీలో పియానోను లోపలికి నెట్టడానికి బహదూర్‌పురా జూపార్కు నుంచి ఏనుగును పిలిపించారని ఇంకోసారి చెబితే అదీ నమ్మలేదు. మొదటిసారి ఉన్నదున్నట్టు చెబితే ఒక మంచి కథ తనంతట తానే పుట్టింది. దాన్ని అక్కడికక్కడ చంపడానికి నాకు మనసు రాలేదు.

ఆదివారానికి అది చర్చికి చేరింది. ప్రార్థనలో పెద్దమ్మ లేచి నిలబడింది.

"జ్యూరీ ముంగట నిలబడబోతున్న నీ బిడ్డను విడిపియ్యి తండ్రీ. ఏం చేసిందో తెల్వది గని, తెల్వక చేసుంటది."

అందరూ ఆమెన్ అన్నారు. మగవాళ్ల వైపు మా ఆయన తల వంచుకుని ఉన్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని పక్కాయన వీపు నిమిరాడు.

ప్రార్థన అయ్యాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పు బిడ్డా, ఏం చేసినవు?"

"పియానో వాయించిన పెద్దమ్మా. గంతే. జ్యూరీ అంటె పరీక్ష. తప్పితె కాలేజీల కెల్లి తీసేస్తరు, గంతే."

ఆమె నన్ను చాలాసేపు చూసింది.

"నువ్వు చెప్పేటియన్నీ గట్లనే ఉంటయి" అని నిట్టూర్చి, చెయ్యి నిమిరి పోయింది.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. నేను భయంతో సగం చచ్చి ఉన్నాను, అది ఎవరికైనా చెప్పుకోవాలి. చెబితే నమ్మే మనిషి బస్తీలో లేదు. ఇన్నేళ్లూ అందర్నీ నవ్వించిన దానికి ఇది కూలి అనుకున్నాను.

జ్యూరీ రోజు మా ఆయన సెలవు పెట్టి నాతో రైలెక్కాడు. స్టేషన్లు వస్తుంటే ఒక్కొక్కటే నెమ్మదిగా చదివాడు. ఆ రోజు కోటా అంతా వాటికే అయిపోయింది. హాలు బయట బెంచీ మీద కూర్చుని, నేను లోపలికి పోతుంటే చెయ్యి ఎత్తాడు, పచ్చ జెండా ఊపినట్టు.

లోపల ముగ్గురు. మధ్యలో కళ్లద్దాల మేడమ్, అటూ ఇటూ ఇద్దరు మగవాళ్లు. వెనక వరసలో మా సారు. పియానో మూలన పసుపుపచ్చ గుడ్డ, నాలుగు మడతలతో ఉంది. అంటే ఆయన పొద్దున్నే వచ్చి పెట్టాడన్నమాట.

చిన్న పాట ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. పెద్దది మొదలుపెట్టాను. ఫలక్‌నుమా. ఉప్పుగూడ. యాకుత్‌పురా బాగానే వచ్చింది. దబీర్‌పురాలో చెయ్యి వదులుగా ఉందని నాకే తెలిసింది, పహిల్వాన్ గుర్తొచ్చాడు. ఆ గుర్తు రావడమే తప్పయింది. మలక్‌పేటలో అడుగుపెట్టేసరికి ముందు ఏమీ లేదు. పట్టాలు లేవు, కిటికీ లేదు, పేరు లేదు.

చర్చిలో ఇలా అయితే పాట ఆగదు. నేను తప్పిపోయినా పెద్దమ్మ పాడుతూనే ఉంటుంది, ఆమె గొంతు పట్టుకుని మళ్లీ దారిలో పడతాను. ఇక్కడ ఎవరూ పాడటం లేదు.

ఎడమ చెయ్యి లేచింది. రెండు నెలలుగా లేవని చెయ్యి, తనంతట తానే పై మూలకు పోయింది. మెత్తగా గుడ్డ తగిలింది.

బటన్ లేదు.

గుడ్డ తీసుకున్నాను. రెండు అరచేతులూ తుడుచుకున్నాను. మళ్లీ మడిచి అక్కడే పెట్టాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. దబీర్‌పురాకు వెనక్కి పోవాలని వేళ్లు లాగుతున్నాయి. పోనివ్వలేదు. రెండు చేతులూ ఎత్తి కాచిగూడలో పడ్డాను. జనం ఎక్కారు. సికింద్రాబాద్ దాకా ఇక ఆగలేదు.

వాయించడం అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. కళ్లద్దాల మేడమ్ కాగితం మీంచి తలెత్తింది.

"మధ్యలో ఆగారు. చేతులకు చెమట పట్టిందా?"

ఆమె దయగల మనిషి. అబద్ధాన్ని తొక్క తీసి, ముక్కలు కోసి, నా ముందు పెట్టింది. తినడమే ఆలస్యం. అవును మేడమ్, చెమట, ఎండలు చూడండి ఎట్ల కొడుతున్నాయో అని ఇంకో రెండు మాటలు కలపగలను. వెనక వరసలో సారు నేల చూస్తున్నాడు. పెద్దమ్మ నిట్టూర్పు గుర్తొచ్చింది.

"లేదు మేడమ్. మరిచిపోయిన" అన్నాను. "చెయ్యి బటన్ కోసం పోయింది."

"ఏ బటన్?"

చెప్పాను. ట్రాన్స్‌పోజ్ సంగతి, పాతికేళ్ల తెల్ల మెట్ల సంగతి, కోడలితో గొడవైతే రెండు నొక్కులు, పుట్టింటికి పోతే మూడు. ఒక్క ముక్క కూడా కలపలేదు. ఎడమవైపు ఆయన నవ్వాడు, కుడివైపు ఆయన ఏదో పొడుగ్గా రాసుకున్నాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు. "మంచిది, వెళ్లండి" అంది.

వారం తర్వాత సారు తన గదికి పిలిచాడు.

"ఆగినందుకు మార్కులు బాగా కోశారండి. వెనక్కి పోకుండా తర్వాతి గుర్తు దగ్గర అందుకున్నందుకు కొంత వేశారు. అంచున ఉన్నారు. కానీ గట్టెక్కారు."

లేచి దండం పెట్టాను. ఆపైన ఒక్కటే అడిగాను.

"బటన్ సంగతి చెప్పినందుకు ఏమన్న వేసిన్రా సార్?"

"దానికి మార్కుల్లేవండి" అన్నాడు. కిటికీ వైపు తిరిగి, "నేను నా జ్యూరీలో చెమటనే చెప్పాను" అన్నాడు.

ఆ ఆదివారం చర్చికి పోతుంటే సేటు దుకాణం ముందే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నరక్కా?"

నిజమే చెబుదామనుకున్నాను, నిజమే చెప్పాను. డిగ్రీ నాలుగేళ్లు, ఒకటి అయింది.

"ఇంక మూడేండ్లు పడ్డదన్నా."

సేటు రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. "నా బామ్మర్దిని పెట్టుకోమంటె ఇనకపోతివి."

నాకన్నా ముందే ఆ కబురు చర్చికి చేరింది. పెద్దమ్మ పాట ఎత్తుకుంటే తెలిసింది, గొంతు ఎన్నడూ లేనంత కిందికి పోయింది. కోడలి గొడవకన్నా కింద. వేలంత దూరంలో బటన్ ఉంది, చర్చి కీబోర్డు మీద అది ఎప్పటిలాగే ఉంది. నా ఎడమ చెయ్యి తన చోటే ఉండిపోయింది. ఆమె ఏ అర్రలోకి పోయిందో చెవి చెప్పింది, వెనకే పోయాను. ఎక్కువ నల్ల మెట్లే. రెండో చరణంలో ఒక చోట గోడకు గుద్దుకున్నాను. లైను చివర ఆమె ఊపిరి తీసుకుంది, నేను ఆగాను.

పాటలైపోయాక కర్ర ఊతగా నా దగ్గరికి వచ్చింది.

"ఏమైందే బటన్‌కు? ఖరాబైందా?"

నేను కుర్చీలోంచి లేవలేదు. "నీకు బటన్ సంగతి తెలుసా పెద్దమ్మా?"

"పాతికేండ్ల సంది టిక్కు టిక్కు మని ఇనవడుతలేదా. ఎన్ని టిక్కులు వడ్డయో ఇంటె నా గొంతు ఎట్లున్నదో నాకు గూడ తెలుస్తది. ఇయ్యాల ఒక్కటి గూడ వడలే."

"ఖరాబు కాలే. నాకే అక్కర పడలే."

అదేమిటో ఆలోచించి, ఒప్పుకున్నట్టు తలూపింది. అంతలోనే అసలు బాధ గుర్తొచ్చి ముఖం ముడుచుకుంది.

"మరి మూడేండ్లు ఈడ ఎవలు వాయిస్తరే?"

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా" అన్నాను. "ఆదివారం ఆదివారం విడిచిపెడ్తమన్నరు."